ముద్దతుకు

"మావయ్యా, పిన్ను అరిగింది. రీఫిల్ పూర్తిగా పడట్లేదు. ఈ లాటు కాస్త గట్టిగా చూడు."

రాపిడి మెషిను దగ్గర్నుంచి వచ్చి, ప్లేట్లు బెంచీ మీద దించుతూ మేనకోడలు అన్న మాట ఇది. సుత్తి మావయ్య చేతిలో సుత్తి పక్కన పెట్టాడు. చొక్కా జేబులోంచి తన పెన్ను తీశాడు. మూత కూడా తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"రీఫిల్ పడకపోతే ఆ పాత పెన్నుతో ఎందుకే పోట్లాట? ఇది ఉంచుకో. కొత్తది, నీలం. దీంతో ఏదైనా రాయి, నా మీద మాత్రం రాయకు."

షెడ్డు షెడ్డంతా నవ్వింది. రంగులాయన అయితే స్ప్రే గన్ను కింద పెట్టి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని మరీ నవ్వాడు. "పిన్ను అంటే పెన్ను తీశాడండోయ్. ఈయన జేబు నిండా జోకులే."

మేనకోడలు నవ్వలేదు. ఆ అమ్మాయి ఆయన జోకులకి నవ్వడం మానేసి ఏడాది దాటింది. పెన్ను జేబులో పెట్టుకుంది. తను చెప్పాల్సింది చెప్పింది, ఆయన వినాల్సింది విన్నాడు, పైగా ఎప్పట్లాగే దాని మీద ఒకటి విసిరాడు. అంతే అనుకుని కొత్త పిన్ను తెచ్చుకోడానికి స్టోరు వైపు వెళ్లిపోయింది.

అది జోకు కాదని ఆ షెడ్డులో ఒక్కడికే తెలుసు. రంగులాయన పెదాలు చూశాక, అన్నది పెన్ను కాదు పిన్ను అని ఆ ఒక్కడికి అర్థమైంది. పిన్నుకి ఏమైంది? అడగాలి. పరిగెత్తి వెళ్లి "ఏమన్నావే?" అని అడిగితే అయిపోయేది. కానీ అలా అడిగితే జోకు చచ్చిపోతుంది, చెవి బయటపడుతుంది. ఆయన సుత్తి చేతిలోకి తీసుకుని మొదటి ప్లేటు ముందుకి లాక్కున్నాడు.

సుత్తి మావయ్య దగ్గర సుత్తులు రెండు. ఒకటి చేతిలోది. నిమ్మకాయంత తలకాయ, వేలెడు లావు పిడి. రెండోది నోట్లోది. దాని బరువు ఇంతని ఎవరూ తూచలేదు గానీ, దెబ్బ తినని వాళ్లు మాత్రం ఆ షెడ్డులో లేరు. టీలో చక్కెర తగ్గిందని ఎవరైనా అంటే, "చక్రాలెక్కువైన చోట చక్కెర తక్కువేనయ్యా" అనేవాడు. అక్కడ తయారయ్యేవి చక్రాల కుర్చీలు మరి. నిజానికి ఆయన మేనకోడలు ఒక్కతికే మావయ్య. ఆ అమ్మాయి పనిలో చేరి పిలవడం మొదలుపెట్టాక, ఆయన కంటే నాలుగేళ్లు పెద్దవాడైన రంగులాయనతో సహా అందరూ ఆ వరస కలిపేశారు.

ఆయన పని వినడం. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెట్టి చుక్కలు చుక్కలుగా అతుకుతారు. ప్రతి చుక్క పక్కనా సుత్తితో మెల్లిగా తట్టి వింటాడు. గట్టి అతుకు "టంగ్" అంటుంది. సరిగ్గా అతకని చుక్క "టప్" అని ఊరుకుంటుంది. టంగుమన్న ప్లేటు మూల మీద పంచితో చిన్న నక్షత్రం గుర్తు కొడతాడు. ఆ గుర్తు పడితేనే ప్లేటు కుర్చీకెక్కుతుంది.

ముప్ఫై ఏళ్లు ఇనుప రేకుల మధ్య, నిప్పురవ్వల మధ్య, కరెంటు మెషిన్ల దడదడ మధ్య విన్నాడు. వినీ వినీ చెవులు అరిగిపోయాయి. పిన్నులు అరిగితే మారుస్తారు. చెవులకి స్టోరు లేదు. మొదట్లో అంత కష్టమనిపించలేదు. ఇనుము మంచిది, చెవికి చెప్పకపోయినా చేతికి చెప్పేది. టప్పుమంటే ఆ సంగతి పిడిలోంచి వేళ్లకి తెలిసేది.

ఆ తర్వాత కుర్చీలు తేలిక కావాలన్నారు. ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది. దానితో పాటు రాపిడి మెషినూ వచ్చింది. నిప్పురవ్వ లేదు, పొగ లేదు. గిర్రున తిరిగే పిన్ను రేకులోకి దిగుతుంది. ఆ రాపిడికి రేకు వేడెక్కుతుంది గానీ కరగదు, మెత్తబడి ముద్దవుతుంది. పైరేకు ముద్ద, కిందిరేకు ముద్ద కలిసిపోతే అతుకు. కలవకుండా ఒకదాన్నొకటి తాకి ఊరుకుంటే, పైకి అతికినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఎవరి దారి వారిదే. అలాంటిదానికి ముద్దతుకు అని పేరు పెట్టింది సుత్తి మావయ్యే. "ముద్ద కలిస్తే కాపురం, ముద్దు పెట్టి పోతే ముద్దతుకు" అనేవాడు.

తేలిక రేకు చేతికేమీ చెప్పదు. రేకు పలచనైన కొద్దీ ఆయన చెవి మందమైంది. అయినా మొదటి ఏడాది నెట్టుకొచ్చాడు. అప్పట్లో పిన్ను పైకి లేచాక చుక్క మధ్యలో చిన్న గుంత మిగిలేది. టార్చి వేసి ఆ గుంతలోకి చూసి పోల్చుకునేవాడు. ఆ గుంతలో నీళ్లు నిలుస్తున్నాయని, రేకు అక్కడే చీలుతోందని, కొత్త రకం పనిముట్టు తెచ్చారు. పిన్ను చుట్టూ ఒక తొడుగు. తొడుగు దిగుతుంటే పిన్ను లేచి చోటిస్తుంది. తొడుగు లేస్తుంటే పిన్ను దిగి, పైకొచ్చిన ముద్దని మళ్లీ గుంతలోకి తోసి పూడ్చేస్తుంది. అదే రీఫిల్. మూడు సెకన్లలో గుంత లేదు, గుర్తు లేదు, అద్దంలా నున్నటి చుక్క. అందరూ చప్పట్లు కొట్టారు. సుత్తి మావయ్య కూడా కొట్టాడు. ఆ చప్పట్లూ ఆయనకి వినబడలేదు.

ఇక మిగిలింది మొహాలు. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం. మెషిను నడిపే మేనకోడలు ప్లేట్లు తెచ్చి బెంచీకి అవతల నిలబడేది. టప్పుమన్నప్పుడు ఆ అమ్మాయి కింది పెదవి కొంచెం లోపలికి పోయేది. తను చేసిన పని చెడిందని బాధ, అంతకంటే ఏమీ లేదు. అలా చేస్తున్నట్టు తనకీ తెలియదు. సుత్తి మావయ్య తట్టేవాడు, పెదవి చూసేవాడు, ప్లేటు పక్కకి తోసేవాడు. ఆ పిల్లకి మూడేళ్లప్పుడు వాళ్లమ్మ, అంటే ఈయన అక్క, పోతే ఒళ్లో వేసుకుని పెంచిన మనిషి. ఆ పెదవి ఆయనకి పుస్తకం.

పిన్ను అరిగిన రోజున ఆ పెదవి స్టోరులో ఉంది. నలభై ప్లేట్లు. ఎదురుగా గోడ. గోడకి పెదవి లేదు. ఆయన నలభై తట్టాడు, నలభై మీదా నక్షత్రం కొట్టాడు.

జోకుల సంగతి కూడా అంతే. సగం వినబడిన మాటని ఊహించి జవాబిస్తే, అది తప్పితే అందరూ నవ్వేవాళ్లు. మొదటిసారి నవ్వినప్పుడు చెవి సంగతి తెలిసిపోయిందనుకున్నాడు. రెండోసారి ఊపిరి పీల్చుకున్నాడు. మూడోసారికి అలవాటైపోయింది. మొదట్నుంచీ గట్టిగా మాట్లాడే మనిషే కావడంతో గొంతు పెరిగినా ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో భార్య మాత్రం కొంచెం కనిపెట్టినట్టుంది. "మీ నోటికి ఓ పిన్నీసు పెట్టాలి, అప్పుడైనా చెవులు పనిచేస్తాయి" అనేది, దగ్గరికొచ్చి, మొహం చూపించి మరీ అనేది.

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం మంచం పక్క స్టూలు మీద ఈయన, కాళ్ల దగ్గర ఫ్లాస్కు పట్టుకుని మేనకోడలు. ఆవిడ మొహం మీద ఆక్సిజన్ మాస్కు. మాస్కు వెనక ఏదో అంది. ఈయనకి పెదాలు కూడా సరిగ్గా కనబడలేదు. ఆవిర్లు మాత్రం కనబడ్డాయి. అడగలేదు. అలవాటైన నోరు అలవాటైన పని చేసింది. "మళ్లీ నా మీద ఫిర్యాదేనా? రాసివ్వవే, సంతకం పెడతాను" అన్నాడు. పక్క మంచం వాళ్లు నవ్వారు. ఆవిడ కళ్లు మూసుకుంది. తెల్లారేసరికి లేదు. ఆ మాటేమిటో ఇంకెప్పటికీ తెలియదు. అడగడానికి ఉన్న ఒక్క మనిషినీ అడగలేడు, అడిగితే అప్పుడు వినలేదని చెప్పాలి కదా.

పిన్ను రోజు దాటి మూడు వారాలయ్యాక ఒకాయన షెడ్డు గేటు దగ్గరికి కుర్చీ మోసుకొచ్చాడు. సీటు ప్లేటు ఒకవైపు ఊడి వేలాడుతోంది. ఆయన అరవలేదు. కుర్చీ నేల మీద దించి, సుత్తి మావయ్య ఎదురుగా నిలబడి, ఆయన మొహంలోకే చూస్తూ చెప్పాడు.

"మా అమ్మ చాలా తేలికైన మనిషండీ. ఆవిడే తోసుకోగలిగేంత తేలిక కుర్చీ కావాలని ఇది కొన్నాను. కూర్చోబోయింది. తుంటి ఎముక విరిగింది. ఇక కూర్చోదంటున్నారు."

ఎదురుగా చెప్పిన మాట. ప్రతి అక్షరమూ తెలిసింది.

మేనేజరు మేడం ప్లేటు విప్పించి బెంచీ మీద పెట్టింది. ఉలి కూడా అక్కర్లేకపోయింది, చేత్తో లాగితే రేకులు విడిపోయాయి. నిజంగా అతికిన చుక్క విడదీస్తే చిరుగుతుంది, ఒక రేకు ముక్క రెండోదాన్ని పట్టుకునే వస్తుంది. ఇక్కడ చిరుగు లేదు. నున్నగా, మెరుస్తూ, నాలుగు గుండ్రటి మచ్చలు. ముద్దతుకు. మూల మీద సుత్తి మావయ్య నక్షత్రం.

ఆ నలభైలో పన్నెండు బయటికి పోయాయి. మిగిలిన ఇరవై ఎనిమిదీ తెప్పించి, అందరినీ పిలిచి, మెషిన్లు ఆపించి మేడం అంది, "మావయ్యగారూ, ఇవి మళ్లీ వినండి."

బెంచీకి అవతల మేనకోడలు నిలబడింది. సుత్తి మావయ్య తట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదానికి పెదవి లోపలికి పోయింది. పక్కకి తోశాడు. తొమ్మిదోదానికి మళ్లీ. ఆ రోజు ఆ పిల్ల ఎంత భయంగా ఉందంటే పెదవి చదవడానికి కళ్లజోడు కూడా అక్కర్లేకపోయింది. మొత్తం ఆరు పక్కకి తోశాడు. మేడం ఉలి పెట్టి ఆరూ విప్పించింది. ఆరూ నున్నగా విడిపోయాయి. మంచివని చెప్పినవాటిలో రెండు విప్పబోతే చిరిగాయి గానీ విడలేదు.

షెడ్డంతా ఊపిరి వదిలింది. రంగులాయన ఆయన భుజం తట్టాడు. మేడం తల వంచి చెడ్డ ప్లేట్లు చూస్తూ ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఆవిడ నడినెత్తి తప్ప ఈయనకేమీ కనబడలేదు. అందరూ తలలూపారు కాబట్టి తనూ ఊపాడు.

అప్పుడు మేనకోడలు మెళ్లో తాడు తీసింది. ఆ తాడుకి రాపిడి మెషిను తాళం ఉంటుంది. రెండేళ్లు నేర్చుకుని, పరీక్షలు రాసి సంపాదించుకున్న తాళం. దాన్ని మేడం చేతిలో పెట్టింది.

"తాళం ఎందుకు తీసుకుంటున్నారు?" అన్నాడు సుత్తి మావయ్య.

మేనకోడలు ఆయన వైపు చూసిన చూపు ఆయన ఇంతకుముందు ఒకసారి చూశాడు. ఆసుపత్రిలో, ఫ్లాస్కు పట్టుకుని.

రంగులాయన ఏదో అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

సుత్తి మావయ్య ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. "నాకు వినబడలేదు. మళ్లీ చెప్పు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆ నోట రావడం అదే మొదలు. రంగులాయన పెదాలు నవ్వడానికి సిద్ధంగా వంగాయి. తర్వాత వచ్చే జోకు కోసం ఎదురుచూస్తున్నాడు. అది రాకపోయేసరికి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

"మేడం అంటోంది, ఈ చెవి దాటి చెడ్డ చుక్క పోదు, ఇప్పుడే చూశాం కదా అని. మరి చెడ్డ ప్లేటు మీద నీ గుర్తెలా వచ్చింది? ఆ చెడ్డవి నువ్వు చూసినవాటి తర్వాత చేసినవట, నీ దగ్గరికి రానే లేదట. సరుకు తొందరలో ఉందని నీ పంచి తీసుకుని ఆ పిల్లే కొట్టేసిందట. పిన్ను అరిగిందని ముందే చెప్పానని ఆ పిల్ల అంటోంది. చెప్పింది నిజమే, మేమూ విన్నాం. కానీ నీకు చెబితే నువ్వు వదిలేస్తావా మావయ్యా? చెప్పాక కూడా మెషిను ఆపకుండా తనే గుర్తులేసుకుంది, అందుకే తాళం."

సుత్తి మావయ్యకి మొదట అర్థమైంది ఒకటే. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. చెవి నిలబడుతుంది, సుత్తి నిలబడుతుంది. ఆరుకి ఆరు పట్టుకున్నాడు, ఎవరడుగుతారు? పట్టించిందేమో ఆ పిల్ల పెదవి. ఆ పెదవే ఇప్పుడు ఆ పిల్ల మెడకి చుట్టుకుంది.

"మేడం, నాకు చెవుడు" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. రంగులాయన చేతులు జోడించాడు. "మావయ్యా, వద్దు, ఇప్పుడు కాదు."

"జోకు కాదయ్యా. నాకు నిజంగానే వినబడదు."

ఇంకో ఇద్దరు నవ్వారు. ఇన్నేళ్లు అరిచి అరిచి చెప్పిన సరదాలన్నీ నమ్మారు. ఒక్క నిజం చెబితే అదీ సరదా కిందికే పోయింది. ఆయన సుత్తి మేనకోడలి చేతిలో పెట్టాడు. "నేను గోడ వైపు తిరుగుతాను. ఒక మంచి ప్లేటు, ఒక చెడ్డ ప్లేటు కొట్టు. ఏది ముందో చెబుతాను."

వెళ్లి గోడకి ఎదురుగా నిలబడ్డాడు. పెచ్చు రేగిన సున్నం, కాలెండరు మేకు, మేకు కింద తుప్పు చార. చాలాసేపు అదే చూశాడు.

"కొట్టవే అమ్మడూ" అన్నాడు.

ఎవరూ ఏమీ చెయ్యలేదనిపించింది. "కొట్టమంటున్నాను కదా, ఎందుకు ఆగావ్?" అన్నాడు మళ్లీ, కొంచెం విసుగ్గా. అప్పటికీ ఏమీ జరక్కపోయేసరికి వెనక్కి తిరిగాడు.

మేనకోడలు సుత్తి ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది. బెంచీ మీద ప్లేటు సొట్టపోయి ఉంది. రంగులాయన రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు.

"ఎన్నిసార్లు కొట్టావ్?"

ఆ అమ్మాయి సుత్తి దించి ఆరు వేళ్లు చూపించింది.

అప్పుడు అన్నీ చెప్పాడు. ఇనుము చేతికి చెప్పేదని, గుంత కంటికి చెప్పేదని, రీఫిల్ వచ్చాక ఎవరూ ఏమీ చెప్పలేదని చెప్పాడు. ఇందాక ఆరు చెడ్డ ప్లేట్లు పట్టుకున్నది తన చెవి కాదని, ఎదురుగా నిలబడ్డ పిల్ల పెదవని చెప్పాడు. పిన్ను రోజున ఆ పిల్ల స్టోరుకి వెళ్లిందని, నలభై మీదా నక్షత్రం కొట్టింది తనేనని చెప్పాడు. "తాళం దానికిచ్చెయ్యండి. నా సుత్తి మీరు ఉంచుకోండి. ఇంకా బయటే ఉన్న పదకొండు కుర్చీలూ ఇవాళే వెనక్కి రప్పించండి. ఎవరినీ కూర్చోనివ్వద్దు."

మేడం ఫోను దగ్గరికి పరిగెత్తింది. పరిగెత్తేముందు తాళం బెంచీ మీద పెట్టింది.

రంగులాయన ఇంకా లెక్క తేల్చుకోలేకపోతున్నాడు. దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి అడిగాడు. "మరి మా అన్నయ్య పోయాడని చెప్పినప్పుడు, ఊరికా, ఎప్పుడొస్తాడు అన్నావ్. నన్ను నవ్వించడానికే అన్నావనుకున్నాను. ఆ రాత్రంతా దాన్నే తలుచుకుని నవ్వుకున్నాను, ఏడ్చుకున్నాను."

"అదీ వినబడలేదయ్యా. మీ అన్నయ్య పోయాడని నాకు నెల తర్వాత తెలిసింది."

రంగులాయన ముక్కు గుడ్డ పైకి లాక్కున్నాడు. కళ్ల దాకా లాక్కున్నాడు.

మేనకోడలు తాళం తీసుకోలేదు. ఏదో అడిగింది. ఏడుస్తూ అడిగింది, పెదాలు వణుకుతుంటే ఆ పుస్తకం ఆయనకి అలికేసినట్టయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ అమ్మాయి జేబులోంచి నీలం పెన్ను తీసింది. తనిఖీ కాగితం వెనక వైపు రాసి చూపించింది.

*అత్తయ్య అన్నది కూడా వినలేదా?*

"మాస్కు ఉంది కదే. ఆవిర్లు తప్ప నాకేం కనబడలేదు. ఏమంది?"

ఆ అమ్మాయి చాలాసేపు పెన్ను కాగితం మీద ఆనించి ఉంచింది. అక్కడ ఒక నీలం చుక్క పెద్దదైంది. ఏడాదిపాటు తనని ఈయన జోకులకి ఒక్కసారి కూడా నవ్వనివ్వకుండా చేసిన మాట, రాయడానికి రెండు చిన్న వరసలు.

*భయంగా ఉంది.*

*చెయ్యి పట్టుకో.*

సుత్తి మావయ్య చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఏమని రాసిందో షెడ్డులో ఎవరూ అడగలేదు. అయినా ఆయన కాగితం పైకెత్తి, చెవిటివాళ్లు చెప్పినట్టు గట్టిగా, ఆఖరి బెంచీ దాకా వినబడేలా చెప్పాడు.

"మా ఆవిడ చెయ్యి పట్టుకోమంది. నేను వినలేదు. ఫిర్యాదు రాసిమ్మన్నాను." ఖాళీగా ఉన్న కుడి చేతి వైపు చూసుకున్నాడు. "ఆ రోజు నా చేతిలో సుత్తి కూడా లేదు."